వరిగడ్డా, రొయ్య పెంకా, ఉప్పు కొటారా? సూక్ష్మజీవులతో పరిశోధనకు నెల్లూరు, ప్రకాశం విద్యార్థి ఏది ఎంచుకోవాలి

ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడాదిలోకి వచ్చిన పిల్లలు ప్రాజెక్టు కోసమని నా గదికి వచ్చినప్పుడు అడిగే మొదటి మాట దాదాపుగా ఒకటే ఉంటుంది: "సార్, ఏ ఆర్గానిజం మీద చేస్తే బాగుంటుంది?" ఆ ప్రశ్నకు నేను నేరుగా సమాధానం చెప్పను. నీ ముడిసరుకు ఏ ఊరి నుంచి వస్తుంది, ఏడాదిలో ఎన్ని నెలలు దొరుకుతుంది, దొరికిన రోజున ఎన్ని గంటలు చెడిపోకుండా ఆగుతుంది అని తిరిగి అడుగుతాను. బ్యాక్టీరియాను తరవాతైనా మార్చుకోవచ్చు, కల్చర్ బ్యాంకుకు ఉత్తరం రాస్తే ఇంకొకటి వస్తుంది. ముడిసరుకు అలా కాదు. అంశం ఖాయం చేసుకున్న ఆరు నెలలకు సరుకు దొరకదని తెలిస్తే, అప్పుడు చేయగలిగింది పాత పేపర్లు చదువుకోవడమే.

సుస్థిర జీవప్రక్రియల ఇంజినీరింగ్ అంటే పంట అవశేషాన్నో, ఫ్యాక్టరీ వ్యర్థాన్నో తీసుకుని, సూక్ష్మజీవుల చేత దాన్ని ఇంధనంగానో ప్లాస్టిక్‌గానో మేతగానో ఎరువుగానో మార్పించడం, అది కూడా నీరు, వేడి, రసాయనాలు వీలైనంత తక్కువ ఖర్చయ్యేలా చేయడం. ఇందులో సగం పని జీవిని వెతకడం, దాని జన్యువుల్ని అర్థం చేసుకోవడం, అవసరమైతే మార్చడం. మిగతా సగం ఆ జీవి బతికే పాత్ర (ఫెర్మెంటర్), దానికి అందే గాలి, పుట్టే వేడి, చివర్లో సరుకును నీళ్ల నుంచి వేరుచేసే తీరు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం, జీవసాంకేతిక తయారీని ప్రోత్సహించే బయోఈ3 విధానాన్ని ఆమోదించిన తరవాత ఈ రెండో సగం మీద కూడా మన పిల్లలకు కొంత ఆసక్తి కలిగింది కానీ, ఎంపిక చేసుకునేటప్పుడు మాత్రం ఇంకా మొదటి సగమే చూస్తున్నారు.

ఏ అంశాన్నైనా తూచడానికి మూడు అంకెలు కావాలి. లీటరు ద్రవంలో ఎంత సరుకు తయారైంది, గంటకు ఎంత తయారైంది, వేసిన ప్రతి కిలో చక్కెరకు ఎంత వచ్చింది. వీటికి నాలుగోదాన్ని నేను కలుపుతాను: తయారైనదాన్ని బయటికి తీయడానికి ఎంత నీరు, ఎంత ఆమ్లం, ఎంత కరెంటు పట్టింది. ఫెర్మెంటర్‌లో అద్భుతంగా కనబడిన పనులు చాలావరకు ఈ నాలుగో అంకె దగ్గరే కూలబడతాయి. ఈ కొలమానంతో మన రెండు జిల్లాల్లో చేతికందే అంశాలను ఒకదానితో ఒకటి పోల్చి చూద్దాం.

వరిగడ్డి నుంచి ఇథనాల్

అందరికీ ముందుగా తోచేది ఇదే. పెన్నా డెల్టాలో మార్చి, ఏప్రిల్ నెలల్లో కోతలు ముగిసేసరికి ఎక్కడ చూసినా గడ్డే. ధాన్యం ఎంత బరువు పండితే గడ్డి కూడా ఇంచుమించు అంతే, లేదా అంతకు కాస్త ఎక్కువ వస్తుంది కాబట్టి, మన నెల్లూరు లెక్కలో పుట్టి ధాన్యానికి, అంటే 850 కిలోలకు, సుమారు ఒక టన్ను గడ్డి అనుకోవచ్చు. ఆ టన్నులో మూడో వంతుకు కాస్త పైన సెల్యులోజ్ ఉంటుంది. 350 కిలోల సెల్యులోజ్ పూర్తిగా విరిగితే 390 కిలోల దాకా గ్లూకోజ్ వస్తుంది. గ్రాము గ్లూకోజ్‌కు సిద్ధాంతరీత్యా 0.51 గ్రాములకు మించి ఇథనాల్ రాదు కనుక, ఆ లెక్కన దాదాపు 250 లీటర్లు రావాలి. 2022 ఆగస్టులో హర్యానాలోని పానిపట్‌లో ప్రారంభమైన రెండో తరం ఇథనాల్ ఫ్యాక్టరీకి ప్రకటించిన లక్ష్యం ఏడాదికి 2 లక్షల టన్నుల గడ్డి నుంచి 3 కోట్ల లీటర్లు, అంటే టన్నుకు 150 లీటర్లు. కాగితం మీది 250కీ లక్ష్యంలోని 150కీ మధ్య ఉన్న వంద లీటర్ల తేడాలోనే ఈ రంగంలోని పరిశోధన మొత్తం ఇమిడి ఉంది.

తేడా ఎందుకొస్తుందంటే, గడ్డిలో సెల్యులోజ్ ఒంటరిగా ఉండదు. లిగ్నిన్, హెమిసెల్యులోజ్ దాన్ని చుట్టుకుని ఉంటాయి. పైగా మన వరిగడ్డిలో సిలికా ఎక్కువ, కాలిస్తే వందకు పదిహేను పాళ్ల దాకా బూడిదే మిగులుతుంది. ఈ చుట్టును విప్పడానికి పలచని ఆమ్లంతోనో, క్షారంతోనో, ఆవిరి పేలుడుతోనో ముందుగా శుద్ధి చేయాలి. ఆమ్లం, వేడి ఎక్కువైతే ఫర్‌ఫ్యురాల్ వంటి పదార్థాలు పుట్టి ఈస్ట్‌ను అణచివేస్తాయి. ఆ తరవాత సెల్యులేజ్ ఎంజైములు కావాలి. వాటిని ఇచ్చే ప్రసిద్ధమైన బూజు ట్రైకోడెర్మా రీసై రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైనికుల నూలు గుడారాలను తినేస్తూ దొరికింది. ఇప్పటికీ పరిశ్రమకు ఆధారం దాని సంతతే.

ఒక చిన్న విశ్వవిద్యాలయంలో, రెండు లీటర్ల ఫెర్మెంటర్‌తో, ఈ గొలుసు మొత్తాన్ని ఒక్క విద్యార్థి చేయబూనడం మంచిది కాదని నా అభిప్రాయం. పానిపట్‌లో కోట్లు పోసి ఇంకా సర్దుకుంటున్న పనిని మనం ఆరు నెలల ప్రాజెక్టులో తేల్చలేము. అయితే గొలుసులోని ఒక్క కడియాన్ని పట్టుకుంటే ప్రయోజనం ఉంది, అది కూడా మన ఎండకు సరిపోయే కడియం. సెల్యులేజ్ ఎంజైములు 50 డిగ్రీల దగ్గర బాగా పనిచేస్తాయి. మామూలు ఈస్ట్ 30 నుంచి 35 డిగ్రీల మధ్య సుఖంగా ఉంటుంది. రెంటినీ ఒకే పాత్రలో నడపాలంటే ఎవరో ఒకరు సర్దుకోవాలి. క్లువెరోమైసిస్ మార్క్సియానస్ అనే ఈస్ట్ 45 డిగ్రీల వద్ద కూడా పెరుగుతుంది. రోహిణి కార్తెలో నెల్లూరు ల్యాబుల్లో చల్లబరచడానికి వాడే కుళాయి నీళ్లే గోరువెచ్చగా వస్తాయి కాబట్టి, వేడిని ఓర్చుకునే ఈస్ట్‌తో చల్లదనం ఖర్చు ఎంత తగ్గుతుందో కొలవడం మనకు సహజంగా అమరిన అంశం. చలిదేశాల వాళ్లకు ఈ అవసరం ఇంతగా ఉండదు.

ఇంకొక మాట. గడ్డి వ్యర్థం కాదు. బేలర్లు వచ్చిన తరవాత కట్టలు కట్టి లారీల్లో పోతోంది, పశువులున్న వాడికి అది ఏడాది మేత. దాన్ని ఉచితంగా దొరికే సరుకుగా లెక్కవేసి రాసిన థీసిస్‌ను నేను నమ్మను.

రొయ్య తలలు, పెంకులు

నా పక్షపాతం ఇక్కడ ఉందని ముందే ఒప్పుకుంటాను. 2009లో వనామీ రొయ్యకు దేశంలో అనుమతి వచ్చినప్పటి నుంచి మన తీరమంతా గుంటలమయమైంది, వాటి వెనకే ప్రాసెసింగ్ ప్లాంట్లు వచ్చాయి. తల తీసి, పెంకు ఒలిచి ఎగుమతి చేసేటప్పుడు రొయ్య బరువులో 40 నుంచి 50 శాతం తలలు, పెంకులుగా మిగిలిపోతుంది. అందులో నీరు పోగా మిగిలే ఎండు పదార్థంలో స్థూలంగా మూడోవంతు మాంసకృత్తులు, మూడోవంతుకు పైగా కాల్షియం కార్బొనేట్, అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా పెంకుకు గట్టిదనమిచ్చే కైటిన్ ఉంటాయి. కైటిన్ నుంచి కైటోసాన్ చేస్తే గాయాల కట్లకు, నీటి శుద్ధికి, పంటల మీద పిచికారీకి పనికొస్తుంది.

ఇప్పుడు ఎక్కువగా నడుస్తున్న పద్ధతి రసాయనాలది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో సున్నాన్ని కరిగించి, వేడి కాస్టిక్ సోడాలో మాంసకృత్తులను తీసేస్తారు. పని కొద్ది గంటల్లోనే అయిపోతుంది, కైటిన్ శుభ్రంగా వస్తుంది, కానీ ఉప్పగా, ఘాటుగా ఉండే వ్యర్థ జలం మిగులుతుంది, అందులో పోయిన మాంసకృత్తులు ఎవరికీ పనికిరావు. సూక్ష్మజీవుల పద్ధతిలో లాక్టిక్ ఆమ్లం ఇచ్చే బ్యాక్టీరియా చక్కెరను తిని ఆమ్లం చేస్తే, ఆ ఆమ్లం సున్నాన్ని కరిగిస్తుంది. బాసిల్లస్ వంటివి ఇచ్చే ప్రొటియేజు ఎంజైములు మాంసకృత్తులను విరిచి ద్రవంలోకి తెస్తాయి, ఆ ద్రవం మేతలో కలపడానికి వీలవుతుంది. రోజులు పడుతుంది. కైటిన్‌లో కొంత మాంసకృత్తు, కొంత సున్నం మిగిలిపోతాయి.

సుస్థిరం అని పేరు పెట్టగానే రెండో పద్ధతే గొప్పదని రాసేస్తారు. లెక్క వేసి చూడండి. కిలో ఎండు పెంకులో 400 గ్రాముల కాల్షియం కార్బొనేట్ ఉందనుకుందాం. దాన్ని కరిగించడానికి సుమారు 290 గ్రాముల స్వచ్ఛమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లం చాలు. అదే పని లాక్టిక్ ఆమ్లంతో చేయాలంటే 720 గ్రాములు కావాలి, ఆ 720 గ్రాములు తయారు కావడానికి కనీసం అంతే బరువు గ్లూకోజ్ కావాలి. వచ్చే కైటిన్ మహా అయితే పావు కిలో. అంటే కిలో కైటిన్‌కు దాదాపు మూడు కిలోల చక్కెర. బెల్లం కొని ఈ పని చేస్తే బెల్లం ఖరీదు దగ్గరే లెక్క తప్పుతుంది. అందువల్ల ఈ అంశంలో అసలు పరిశోధన ప్రశ్న బ్యాక్టీరియాది కాదు, చక్కెరది: పారబోసే చక్కెర ఎక్కడ దొరుకుతుంది? ప్రకాశంలో బత్తాయి రసం తీసిన పిప్పి, రైస్ మిల్లుల్లో నూకలు, సీజను చివర్లో మెత్తబడిన మామిడి, ఇవన్నీ పరీక్షించదగినవే.

ఒకసారి ఒక అబ్బాయి, పొదలకూరు మార్కెట్లో ధర పడిపోయిన రోజుల్లో అమ్ముడుపోని నిమ్మకాయలు వాడవచ్చు కదా, వాటిలో ఆమ్లం ముందే ఉంది కదా అని అడిగాడు. మంచి ప్రశ్న. కాకపోతే నిమ్మలో ఉండేది సిట్రిక్ ఆమ్లం, అది కాల్షియంతో కలిస్తే నీటిలో సరిగా కరగని కాల్షియం సిట్రేట్ అవుతుంది, అది పెంకునే అంటుకుని కూర్చుంటుంది. లాక్టేట్ కరుగుతుంది కాబట్టి కడిగితే పోతుంది. అతను నమ్మలేదు, రెండు బీకర్లలో చేసి చూశాడు, నిమ్మరసం బీకరు అడుగున తెల్లటి పొర కట్టింది. ఆ సాయంత్రం అతనికి వచ్చిన అవగాహన పది పేపర్లు చదివినా వచ్చేది కాదు.

ముడిసరుకు ఎన్ని గంటలు ఆగుతుంది అని నేను అడగడం వెనక ఒక అనుభవం ఉంది. కొన్నేళ్ల కిందట ఒక మే నెలలో, ఒక ప్లాంటు వాళ్లు దయతలచి ఇచ్చిన రెండు క్రేట్ల తలలను ఐసు లేకుండానే ఆటోలో ల్యాబుకు తెప్పించాము. ఉదయం తొమ్మిదింటికి బయలుదేరిన సరుకు, దారిలో ఒక చోట ఆలస్యమై, మధ్యాహ్నం రెండు దాటాక చేరింది. తలలు నల్లబడ్డాయి, మూత తీయగానే అమ్మోనియా వాసన కళ్లకు తగిలింది, ఆటో అతను బాడుగతో పాటు కడుగుడు డబ్బులు కూడా అడిగాడు. పీహెచ్ చూస్తే 8 దాటింది. అంత క్షారంలో, అప్పటికే కుళ్లుడు బ్యాక్టీరియా ఆక్రమించుకున్న చోట, మేము ఎంతో శ్రద్ధగా పెంచిన లాక్టోబాసిల్లస్ నిలబడలేకపోయింది. తరవాతి విడతలో పద్ధతి మార్చాము. ఇరవై లీటర్ల మూత డబ్బాలో బెల్లం నీళ్లూ స్టార్టర్ కల్చరూ కలిపి ప్లాంటు గేటు దగ్గరికే తీసుకెళ్లి, తలలను అందులోనే వేయించుకుని తెచ్చాము. మరుసటి రోజుకు పీహెచ్ 5 కిందికి దిగింది, వాసన మజ్జిగ పులిసినట్టు మారింది. ఫ్లాస్కులో చేసిన ఏ సర్దుబాటు కంటే ఆ డబ్బా ఎక్కువ ఫలితమిచ్చింది.

ఒక పరిమితి ఉంది. కైటిన్‌ను కైటోసాన్‌గా మార్చడానికి నేటికీ 40 నుంచి 50 శాతం గాఢత ఉన్న కాస్టిక్ సోడాను వేడిగా వాడుతున్నారు. ఆ పని చేసే ఎంజైములు ఉన్నాయి గానీ, గట్టిగా పేర్చుకున్న కైటిన్ స్ఫటికంలోకి అవి సులువుగా చొరబడలేవు. జన్యువుల మీద, ప్రొటీన్ల మీద ఆసక్తి ఉన్నవారికి పీహెచ్‌డీ స్థాయి సమస్య అదే.

బయోగ్యాస్

ఇంజినీరింగ్ మనసున్న విద్యార్థికి నేను మొదట సూచించేది ఇదే. ఇథనాల్‌ను నీళ్ల నుంచి కాచి, ఆవిరి పట్టి తీయాలి. మీథేన్ తనంతట తానే పైకి వచ్చేస్తుంది. ఆవిరి పీడనంతో క్రిములను చంపే ఆటోక్లేవ్ అవసరం లేదు, కలుషితమైపోయిందన్న భయం లేదు, ఒకే జీవి కాకుండా నాలుగు అంచెలుగా నాలుగు రకాల సమూహాలు పనిచేస్తాయి: పెద్ద అణువులను విరిచేవి, ఆమ్లాలు చేసేవి, వాటిని ఎసిటేట్‌గా మార్చేవి, చివరికి మీథేన్ చేసేవి. లెక్క కూడా శుభ్రంగా ఉంటుంది. నీటిలో తొలగిన ప్రతి కిలో సీఓడీకి (వ్యర్థాన్ని ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్ కొలత), సున్నా డిగ్రీల, సాధారణ పీడనం లెక్కన 0.35 ఘనపు మీటర్లకు మించి మీథేన్ రాదు. ఎవరైనా అంతకంటే ఎక్కువ చూపిస్తే కొలతలో తప్పుందని అర్థం.

దీనికి మన తెలుగు నేల మీదే మంచి ఉదాహరణలు ఉన్నాయి. హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్లో రోజుకు పది టన్నుల వ్యర్థంతో నడిచే ప్లాంటు, అక్కడి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) సాంకేతికతతో నిర్మించినది. ఆ సంస్థలోనే వ్యర్థాల నుంచి హైడ్రోజన్, బయోరిఫైనరీ మీద పనిచేసిన ఎస్. వెంకటమోహన్‌కు 2014లో ఇంజినీరింగ్ విభాగంలో భట్నాగర్ పురస్కారం వచ్చింది. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో పామూరు, కనిగిరి వైపు వెళితే, పీసీ పల్లి మండలం దివాకరపల్లి దగ్గర 2025 ఏప్రిల్‌లో కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి గ్యాస్ చేయాలన్నది అక్కడి ఆలోచన. కనిగిరిలో నీటి ఎద్దడి, ఫ్లోరైడ్ సంగతి తెలిసిన వాళ్లకు, ఆ గడ్డికి పెట్టే నీటిని కూడా లెక్కలో వేయాలని వేరే చెప్పనక్కరలేదు. లీటరు నీటికి ఎంత మీథేన్ అన్న ప్రశ్నతో ఒక మంచి థీసిస్ రాయవచ్చు.

మన దగ్గర ఇంకా ఆసక్తికరమైన సమస్య మిశ్రమాలది. మీథేన్ సూక్ష్మజీవులకు కార్బన్, నత్రజనుల నిష్పత్తి 20 నుంచి 30 మధ్య ఉంటే నచ్చుతుంది. వరిగడ్డిలో కార్బన్ మరీ ఎక్కువ, పైగా తేలి పైన తట్టు కడుతుంది. రొయ్య తలల్లో, కోళ్ల పెంటలో నత్రజని మరీ ఎక్కువ, అమ్మోనియా పెరిగి రియాక్టర్ మొరాయిస్తుంది. రెండింటినీ కలిపి నడిపితే ఎవరి లోటు వాళ్లు తీర్చుకుంటారు. అయితే ఎంతెంత కలపాలి, ఉప్పు ఎంతవరకు ఓర్చుకుంటుంది అన్నది ఊరూరికీ మారుతుంది.

దీనిలోని కష్టం కాలం. రియాక్టర్ కుదురుకోవడానికే రెండు మూడు నెలలు పట్టవచ్చు, ఒక్కో మార్పు ఫలితం తెలియడానికి ఇంకో నెల. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు సీసాల్లో చేసే బ్యాచ్ పరీక్షే సరిపోతుంది, అదే నలభై రోజులు తింటుంది. నిరంతరంగా నడిచే రియాక్టర్‌ను పీహెచ్‌డీకే ఉంచుకోవాలి.

గుంటలో వేసే సూక్ష్మజీవులు

మన తీరంలో రైతు డబ్బు పెట్టి కొంటున్న బయోటెక్నాలజీలో ప్రధానమైనది ఇదే. వేరుశనగకు నత్రజని పట్టే రైజోబియం బ్యాక్టీరియా వేయని రైతు కూడా రొయ్యకు ప్రోబయోటిక్, అంటే మేలు చేసే సూక్ష్మజీవుల మందు, వేస్తాడు. కోట, ఇందుకూరుపేట, విడవలూరు మండలాల్లో ఏ మందుల దుకాణానికి వెళ్లినా బాసిల్లస్ పొడులు, నైట్రోసోమోనాస్ ద్రవాలు వరసగా కనిపిస్తాయి. రైతులు తవుడు, బెల్లం, ఈస్ట్ కలిపి రాత్రంతా పులియబెట్టి, తెల్లారి గుంటలో చల్లుతారు. దాని వెనక శాస్త్రం ఉంది: ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని బ్యాక్టీరియా తన శరీరంగా మార్చుకోవాలంటే దానికి సుమారు 15 నుంచి 20 గ్రాముల పిండిపదార్థం అందాలి, ఆ పని చేస్తున్నంతసేపూ ఆక్సిజన్ తాగుతుంది. నీటికి గాలి అందించే ఏరేటర్ తిరగని రాత్రి బెల్లం ఎక్కువ చల్లిన రైతుకు తెల్లారేసరికి ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

ఈ అంశం తీసుకునే విద్యార్థికి సరుకు కరువు లేదు, రైతుల ఆదరణ ఉంటుంది, పరికరాలు కూడా పెద్దగా అక్కరలేదు. ముత్తుకూరులోని మత్స్య కళాశాల దగ్గరే ఉంది, నీటి పరీక్షల్లో వాళ్ల సాయం విలువైనది. అసలు చిక్కు ప్రయోగ రూపకల్పనలో ఉంది. ఒకే గుంటలో వేసి, పంట బాగా వచ్చిందని రాయడం పరిశోధన కాదు. వేసిన గుంట, వేయని గుంట కనీసం మూడేసి కావాలి, వేయకుండా ఉంచడానికి ఏ రైతూ ఒప్పుకోడు. టబ్బుల్లో చేయవచ్చు, కానీ టబ్బులో అడుగు మట్టి ఉండదు, గుంటలోని వ్యవహారంలో సగం ఆ నల్లమట్టిలోనే ఉంటుంది. పొట్లం మీద రాసిన సంఖ్యకూ లోపల బతికున్న సూక్ష్మజీవుల సంఖ్యకూ ఉన్న తేడాను కొలవడం చిన్న ప్రాజెక్టుగా బాగుంటుంది, ప్లేటులో లెక్కపెట్టడం నేర్చుకోవడానికి కూడా అదే మంచి బడి.

ఉప్పు కొటార్లు, నాచు, మిగతావి

అల్లూరు మండలం ఇసకపల్లి కొటార్లలో ఎండాకాలం నీళ్లు గులాబీ రంగు తిరగడం చూసినవారికి, ఆ రంగు ఉప్పును ప్రేమించే సూక్ష్మజీవులదని తెలిసి ఉండకపోవచ్చు. ఈ కుటుంబానికి చెందిన హాలోఫెరాక్స్ మెడిటెరేనియై స్పెయిన్ ఉప్పు మళ్లలో దొరికింది, చక్కెర ఎక్కువై ఇతర పోషకాలు తగ్గినప్పుడు తన కణాల్లో జీవప్లాస్టిక్‌ను నిల్వ చేస్తుంది. జీవప్లాస్టిక్ సంగతి కొత్తది కాదు, 1926 నాటికే ఫ్రాన్సులో మారిస్ లెమ్వాన్ దాన్ని ఒక బాసిల్లస్‌లో గుర్తించాడు. ఉప్పు జీవుల్లోని సుగుణం ఏమిటంటే, అంత ఉప్పులో మామూలు సూక్ష్మజీవులు బతకవు కాబట్టి ఆటోక్లేవ్ ఖర్చు తప్పుతుంది, మంచినీళ్లలో వేస్తే కణం తానే పగిలిపోతుంది కాబట్టి ప్లాస్టిక్‌ను బయటికి తీయడం తేలిక. నా నాలుగో అంకెలో దీనికి మంచి మార్కులు. మూడో అంకెలో మాత్రం పోతుంది: ఆచరణలో కిలో ప్లాస్టిక్‌కు దాదాపు మూడు కిలోల చక్కెర కావాలి. పైగా ఉప్పు నీరు ఉక్కు ఫెర్మెంటర్‌ను తినేస్తుంది, వాడిన ఉప్పు నీటిని ఎక్కడ పోయాలన్నది ఇంకో తలనొప్పి. ఓపిక ఉండి, మూడు నాలుగేళ్లు వేచి ఉండగలిగిన పీహెచ్‌డీ విద్యార్థికి, కొత్త జీవిని మన ఊరి నుంచే వెలికితీసే తృప్తి కోరుకునేవారికి నేను దీన్ని సిఫారసు చేస్తాను.

నాచుల విషయంలో జాగ్రత్త. వీడియోల్లో ఆకుపచ్చ గొట్టాలు చూసి వచ్చే పిల్లలు ఎక్కువ. బహిరంగ మడుగులో లీటరుకు అర గ్రాము, గ్రాము మించి నాచు పెరగదు. అంటే కిలో పొడి కోసం టన్ను నుంచి రెండు టన్నుల నీటిని వడకట్టాలి. ఒక్క స్పిరులినా పోగుల్లా ఉండి గుడ్డకు చిక్కుతుంది, పీహెచ్ 10 దగ్గర పెరుగుతుంది కాబట్టి ఇతర జీవుల బెడదా తక్కువ. నాచు మీదే చేయాలన్న పట్టుదల ఉంటే దానితోనే మొదలుపెట్టండి. ఒంగోలు, కందుకూరు వైపు పొగాకు కాడలు, సుబాబుల్ కొమ్మలు కూడా ఉన్నాయి గానీ, మొదటిదాన్లో నికోటిన్ సూక్ష్మజీవులను అణుస్తుంది, రెండోది గడ్డి కంటే మొండిది. మొదటి ప్రాజెక్టుకు రెండూ వద్దు.

ఏ చదువు, ఎవరి దగ్గర

జీవిని వెతకడం ఇష్టమైతే ఎమ్మెస్సీ దారి, పాత్రను నడపడం ఇష్టమైతే ఎంటెక్ దారి అని స్థూలంగా అనుకోవచ్చు. కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది, బయోటెక్నాలజీ, మెరైన్ బయాలజీ విభాగాలు అక్కడ ఉన్నాయి. తీరానికి దగ్గరగా ఉండి నమూనాలు సేకరించే పనికి అది అనువైన చోటు. పెద్ద ఫెర్మెంటర్లు, కొలిచే యంత్రాలు కావాలంటే చెన్నై మద్రాస్ ఐఐటీలో ఎమ్మెస్ పరిశోధన కోర్సుకో, హైదరాబాద్ ఐఐసీటీలో పీహెచ్‌డీకో ప్రయత్నించాలి. గేట్‌లో బయోటెక్నాలజీ, కెమికల్ ఇంజినీరింగ్ రెండు పేపర్లూ ఈ రంగానికి దారే. మన ఎమ్మెస్సీ పిల్లలు గణితమంటే జంకి ఇంజినీరింగ్ వైపు చూడరు. ఆక్సిజన్ ఎంత వేగంగా నీళ్లలో కరుగుతుందో లెక్కగట్టడానికి కావలసింది ఇంటర్ స్థాయి కలనమే. 30 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో ఎనిమిది మిల్లీగ్రాములు కూడా నిలవని ఆక్సిజన్‌ను, ఆకలిగొన్న బ్యాక్టీరియా నిమిషంలోపే ఖాళీ చేస్తుందన్నది ఒకసారి అర్థమైతే, ఇంజినీరింగ్ ఎందుకో ఎవరూ చెప్పనక్కరలేదు. 2023 జనవరి నుంచి పరిశోధక విద్యార్థులకిచ్చే జేఆర్ఎఫ్ భృతి నెలకు 37,000 రూపాయలైంది కాబట్టి, దానికి అర్హతనిచ్చే నెట్ పరీక్ష కోసం ఒక ఏడాది ఆగడం నష్టమేమీ కాదు.

గైడును ఎంచుకునేటప్పుడు ఆయన పేపర్ల సంఖ్య కంటే మూడు విషయాలు విచారించండి. ఫెర్మెంటర్ నడుస్తోందా, లేక గుడ్డ కప్పి ఉందా? చెడిపోతే బాగుచేసే మనిషి ఎక్కడి నుంచి వస్తాడు? రాత్రి కరెంటు పోతే జనరేటర్ తనంతట తాను అందుకుంటుందా? ఈ మూడోది నవ్వులాటగా అనిపించవచ్చు. నేను చదువుకునే రోజుల్లో, డెబ్బై రెండు గంటల బ్యాచ్‌లో అరవయ్యో గంట దాటాక, అర్ధరాత్రి కరెంటు పోయి ఇరవై నిమిషాల దాకా గాలి అందలేదు. తెల్లారి చూస్తే నురగ కిందికి దిగి, ఆక్సిజన్ ముల్లు సున్నా మీద ఉంది. రెండు వారాల తయారీ సింకులోకి పోయింది. అప్పటి నుంచి ఏ ల్యాబుకు వెళ్లినా నేను ముందు చూసేది జనరేటర్ షెడ్డునే.

కాబట్టి ఆరు నెలలే చేతిలో ఉన్న ఎమ్మెస్సీ విద్యార్థికి రొయ్య పెంకుల పులియబెట్టుడో, ప్రోబయోటిక్ పొట్లాల లెక్కో ఇస్తాను. కెమికల్ ఇంజినీరింగ్ నుంచి వచ్చినవారిని మిశ్రమ బయోగ్యాస్ వైపు పంపుతాను. గడ్డి మీద మనసున్నవారికి వేడి ఈస్ట్ ఒక్కటే, కొటార్లు మాత్రం దీర్ఘకాలం ఆగగలవారికి. ఏది తీసుకున్నా, సంతకం పెట్టే ముందు ఒక నెల పాటు ఆ ముడిసరుకును వారానికొకసారి తెచ్చి, తేమ, బూడిద మాత్రమే కొలవమంటాను. కిందటేడు కావలి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, నాలుగు వారాలు నాలుగు ప్లాంట్ల పెంకులు తెచ్చి మూసల్లో కాల్చి చూసింది. బూడిద ఒక్కో ప్లాంటుకు ఒక్కోలా వచ్చింది, తల ఎక్కువగా ఉన్న సరుకుకూ పెంకు ఎక్కువగా ఉన్న సరుకుకూ తేడా స్పష్టంగా తెలిసింది. అదే ఆమె ప్రాజెక్టు అయింది: ఏ ప్లాంటు సరుకుకు ఎంత చక్కెర కలపాలి.